చిన్న చేపల జాలీ

పోయిన వారం మనం నూకాలమ్మను టాటానగర్ రైల్వే క్వార్టర్ల వెనక పెరట్లో, అప్పుడే రాజుకుంటున్న బొగ్గుల ముందు వదిలి వచ్చాం. డిమ్నా చెరువు దగ్గర జరగబోయే రైల్వే తెలుగువాళ్ళ పిక్నిక్‌కు వంట ఆమెదా, బిష్టుపూర్ హోటలువాళ్ళదా అన్నది ఆ సాయంత్రం తేలాలి. పిక్నిక్ పెద్ద, రిటైరైన గార్డు గోవిందరావు, పొద్దు వాలకముందే వచ్చి రుచి చూస్తానని కబురు పెట్టాడు. వేలెడంత పరిగె చేపలు, ఒలిచిన రొయ్యలు, గోళీలంత ఉల్లిపాయలు అన్నీ మసాలా పట్టించి సిద్ధంగా ఉన్నాయి. వాటిని నిప్పు మీద నిలబెట్టే సామాను ఏదన్నదే తేలలేదు. కోడలు జానకి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన వస్తువొకటి వంటింటి తలుపు చాటున ఉంది. దాని సంగతి అత్తకు ఇంకా తెలియదు.

నూకాలమ్మ కాల్చే పరిగెలు తిననివాళ్ళు జుగ్సలాయిలో తక్కువ. గోడౌన్ల సందు మొదట్లో, లారీలు మలుపు తిరిగేచోట ఆమె బండి నిలబడేది. షిఫ్టు దిగినవాళ్ళు, బస్తాలు మోసి అలిసిన హమాలీలు, రైలు దిగి ఇల్లు చేరేలోపు నోరు రుచి చేసుకోవాలనుకున్నవాళ్ళు దాని చుట్టూ మూగేవారు. ఖర్కాయి ఏట్లో పట్టిన చిన్న చేపలకు ఉప్పు, పసుపు, ఎండుమిరప, చింతపండు గుజ్జు పట్టించి, కర్రబొగ్గు మీద కాల్చి, సాలాకు దొన్నెలో పెట్టి ఇచ్చేది. నూనెలో వేయించడం ఆమెకు గిట్టదు. నూనెలో పడ్డాక ఏ చేపైనా ఒకటేనని, పొగ తగిలితేనే దేని రుచి దానికి తెలుస్తుందని అనేది. చేప తల నుంచి తోక దాకా ఎక్కడా మాడకుండా, ఎక్కడా పచ్చి ఉండకుండా కాలేది. తినేవాళ్ళు ముల్లుతో సహా నమిలేసేవారు.

ఆ కాల్చడమంతా ఒక ఇనుప పలక మీద. మొగుడు ముసలయ్య బతికున్నప్పుడు, కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ, పారేసిన మందపాటి రేకు ముక్కను అడిగి తెచ్చుకుని, వరసగా తూట్లు పొడిచి, అంచులు అరగదీసి ఇచ్చాడు. అది తప్ప ఆయన ఇచ్చిన వస్తువంటూ ఆమె దగ్గర మరేదీ లేదు. ఆయన పోయాక పిల్లలిద్దరినీ ఆ పలకే పెంచింది. పెద్దవాడు అప్పన్న, చిన్నవాడు జగ్గారావు. జగ్గారావు లోకోషెడ్డులో ఫిట్టరయ్యాడు. ఈ క్వార్టరు అతనిదే. జానకి అతని భార్య.

అప్పన్న పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కొన్నేళ్ళ కిందట, అతనికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. తల్లి రోడ్డు మీద చేపలు కాలుస్తుందని పిల్ల తరఫువాళ్ళు వెనక్కి తగ్గారని ఎవరో చెవిన వేశారు. అతను తిన్నగా బండి దగ్గరికి వచ్చి, తింటున్న జనం ముందే పలకను ఎత్తి కాలవలోకి విసిరేశాడు. నూకాలమ్మ కేకలు వెయ్యలేదు. కాలవలోకి దిగి పలక తీసింది. కడిగింది. మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. వేడెక్కేదాకా ఆగి, అప్పుడు కొడుకు వంక చూసి, తన గడప తొక్కొద్దని ఒక్క మాట చెప్పింది. అతను వెళ్ళిపోయాడు. అప్పటికి జానకి ఇంకా ఈ ఇంటికి రాలేదు. జగ్గారావు చెప్పగా విన్నదే.

విన్నప్పుడు అత్తను తలుచుకుని జానకికి భయం వేసింది. ఇన్నేళ్ళు కలిసి బతికాక ఆ భయం మెల్లగా మరోలా మారింది. ఒక మనిషి తన పనిని ఇంతగా గౌరవించుకోవడం ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ పనికే గండం వచ్చి పడింది. శీతాకాలం మొదట్లో ఒక బారసాలలో నూకాలమ్మ వడ్డించిన పరిగెలు తునకలు తునకలుగా వచ్చాయి. ముసలిదైపోయింది, చెయ్యి తిరగడం లేదని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట గోవిందరావు దాకా పోయింది. అందుకే ఈ రుచి చూడటం. ఇవాళ కుదరకపోతే బండి అమ్మేసి ఇంటిపట్టున కూర్చుంటానని నూకాలమ్మ పొద్దున్నే చెప్పేసింది. ఆమె అన్నదంటే చేసేదే.

పెరట్లో సగానికి కోసిన డ్రమ్ము అడ్డంగా పెట్టి, అందులో బొగ్గు పోసి ఉంది. నూకాలమ్మ మొదట సీకులు చూసింది. జుగ్సలాయిలో కబాబులు కాల్చే ఆయన్ని అడిగి తెచ్చిన సన్నని ఇనప చువ్వలు. రొయ్యలు గుచ్చితే బాగానే నిలబడ్డాయి. ఉల్లిపాయలు మాత్రం తిప్పినప్పుడు సీకు తిరిగిందే గాని అవి తిరగలేదు. ఒక పక్క మాడి రెండో పక్క పచ్చిగా మిగిలాయి. పరిగెకు సీకు గుచ్చగానే అది నడుం దగ్గర చీలిపోయింది. మాంసం ముక్కకు చేసిన సామానుతో చేపపిల్లను హింసపెట్టడమెందుకని ఆమె సీకులు తుడిచి, పద్ధతిగా కట్టగట్టి పక్కన పెట్టింది. అరువు తెచ్చిన వస్తువు ఎలా వచ్చిందో అలాగే వెళ్ళాలి.

తర్వాత జగ్గారావు తెచ్చిన జాలీ. జుగ్సలాయి ఇనపకొట్టులో సన్నతీగ జాలీ ముక్క కోయించుకుని, చెక్క చట్రానికి బదులు ఇనప చట్రం బిగించి, ఎంతో ఆశగా తెచ్చాడు. వెండిలా మెరుస్తోంది. కన్నాలు సన్నం, ఉల్లిపాయ కాదు కదా మిరియం కూడా జారిపోదు. చూడగానే జానకికి అదే బాగుందనిపించింది. నూకాలమ్మ మాత్రం కొత్త సామాను ఏదైనా ముందు వట్టిది కాల్చి చూడాలంది. నిప్పు మీద పెట్టిన కాసేపటికి జాలీ మెరుపు పోయి తెల్లగా బూడిద పట్టినట్టయింది. ముక్కుపుటాల్లో ఘాటు తగిలింది. జానకికి గొంతు గరగరలాడింది. జగ్గారావు ముఖం మాడిపోయింది. అది జింకు పూత, తుప్పు పట్టకుండా వేసేది, వేడికి పొగ లేస్తుంది, ఫిట్టరునై ఉండి ఆ ఆలోచనే రాలేదని తనను తానే తిట్టుకున్నాడు. నూకాలమ్మ పట్టకారుతో దాన్ని దించి దూరంగా గోడవార పెట్టింది.

"ఇది తిండికి పనికిరాదురా జగ్గా. కిటికీకి కొట్టుకో, దోమలు రావు. నువ్వేం బాధపడకు. మెరిసిందని నానూ మురిసినాను."

జగ్గారావుకు డ్యూటీ వేళయింది. తల్లి మాటకు కొంచెం తేరుకుని, ఠీక్ హై అనుకుంటూ సైకిలెక్కాడు.

ఇక మిగిలింది పలక. నూకాలమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి డ్రమ్ము మీద పెట్టింది. ఉల్లిపాయ చెక్కతో రుద్ది, కాగేదాకా ఆగి, పరిగెలు ఒక్కొక్కటీ తూట్ల నడుమ పేర్చింది. ఆ పలక మీద చిన్న చేపలు కాల్చడం మామూలు విద్య కాదు. ఇనుము మందం. ఒకసారి కాగిందంటే వేడి వదలదు. చర్మం అంటుకునేలోపు, అంటుకోబోయే ఆ క్షణంలో, పట్టకారు కొసతో తోక కింద నుంచి లేపి తిప్పాలి. ఒక్కోదానికీ వేళ వేరు. అంచున ఉన్నవి ఆలస్యం, నడుమన ఉన్నవి తొందర. రొయ్యలైతే వేడికి ముడుచుకోగానే తూట్లలోంచి జారిపోతాయి. అలా జారకముందే పట్టుకోవాలి. ఇన్నేళ్ళూ ఆమె ఇదంతా లారీ డ్రైవర్లతో మాట్లాడుతూ, నవ్వుతూ, చూడకుండానే చేసింది.

ఇవాళ మొదటి పరిగెను తిప్పబోయింది. పట్టకారు కొస చేపకు ఇటు తగిలింది, అటు తగిలింది, తర్వాత నడుమన గుచ్చుకుంది. చేప రెండుగా విరిగింది. రెండోదీ అంతే. మూడోదాన్ని తిప్పడానికి ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకోవలసి వచ్చింది. పట్టకారు రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి టకటకమని సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

జానకి ఆ చప్పుడు విని చూసింది. చూసి, చూపు తిప్పుకోవాలనుకుని తిప్పుకోలేకపోయింది. బారసాలలో చేపలు విరిగింది నిలవ సరుకు వల్లనో, పాతబడ్డ పలక వల్లనో అనుకుంది ఇన్నాళ్ళూ. ఇంట్లో కూర కలిపేటప్పుడు అత్త గరిటెను రెండు చేతులా పట్టుకోవడం, టీ గ్లాసు నిండా పొయ్యొద్దనడం అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

"సూసినావా," అంది నూకాలమ్మ, నిప్పుల మీంచి చూపు ఎత్తకుండానే.

"ఎప్పట్నుంచత్తా?"

"దసరా ముందు నుంచి. ఎవులికీ సెప్పలేదు. సెప్తే మీరు నన్ను బండి కాడికి ఎల్లనిత్తారేటి?"

 జానకి ఏం చెప్పినా అది ఓదార్పులాగే ఉంటుంది. ఓదార్పు అత్తకు పడదు. జానకి లేచి లోపలికి వెళ్ళి, తలుపు చాటునున్న గోనెపట్టా మూటను తెచ్చి అత్త ముందు విప్పింది.

నల్లతీగ జాలీ అది. ఒకటి కాదు, పుస్తకంలా తెరుచుకునే రెండు రెక్కలు. ఒక రెక్క మీద చేపలు పేర్చి రెండో రెక్క మూసేస్తే చిన్న కొక్కెం పడుతుంది. తీగకూ తీగకూ మధ్య ఎడం ఎంతో ఆలోచించి పెట్టినట్టుంది. పొగ పైకి రావడానికి కావలసినంత ఉంది, రొయ్య ముడుచుకున్నా జారడానికి కావలసినంత లేదు. జాలీకి అటూ ఇటూ చిన్న ఇరుసులు. వాటితోపాటు డ్రమ్ము అంచున తగిలించే రెండు కాళ్ళు, వాటి నెత్తిన చీలికల్లాంటి గాళ్ళు. ఇరుసులు ఆ గాళ్ళలో కూర్చుంటాయి. జాలీని ఎత్తక్కర్లేదు, పట్టుకుని నిలబడక్కర్లేదు. పిడి పట్టి ఒక్క తిప్పు తిప్పితే లోపలున్నవన్నీ ఒక్కసారే బోర్లా పడతాయి. పిడికి లావుపాటి కర్ర తొడుగు.

నూకాలమ్మ చాలాసేపు దాన్ని తాకలేదు. తర్వాత వేలు పెట్టి తీగ మీద రుద్ది, వేలు వాసన చూసింది. పూత లేదు, వట్టి ఇనుము. చిటికెన వేలు తీగల మధ్య దూర్చి చూసింది. కొక్కెం తీసింది, వేసింది. ఎక్కడిదని అడుగుతుందేమోనని జానకి గోనెపట్టాను మడిచిందే మడిచింది. ఆమె అడగలేదు.

"కాళ్ళు తగిలించు," అంది.

పలక దించేశారు. వట్టి జాలీని కాసేపు నిప్పు మీద ఉంచి కాల్చారు. పొగ రాలేదు, వాసన రాలేదు. ఉల్లిపాయ చెక్కతో నూనె రాశారు. జానకి చేపలు పేరుస్తుంటే నూకాలమ్మ పక్కన కూర్చుని, తలలన్నీ ఒకవైపు వద్దంది, ఒకటి అటు, ఒకటి ఇటు పెడితే ఒకదాన్నొకటి నొక్కకుండా ఉంటాయంది. రొయ్యలకు వేరే బారు. ఉల్లిపాయలు అంచున, అక్కడ సెగ తక్కువ. రెక్క మూసి గాళ్ళలో కూర్చోబెట్టారు. నూకాలమ్మ పిడి పట్టుకుంది. ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకు కర్ర తొడుగులోనే ఎక్కడో ఆగిపోయింది, జాలీ దాకా వెళ్ళలేదు. చేపల నుంచి తొలి చుక్క నిప్పుల్లో పడి చిర్రుమంది. ఆమె కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నది. రెండో చుక్క. మూడో చుక్క పడబోతుండగా మణికట్టు తిప్పింది.

జాలీ బోర్లా పడింది. ఒక్క చేప కదల్లేదు, ఒక్కటి విరగలేదు. కాలిన పక్క పైకి వచ్చింది. బంగారు రంగు మీద తీగల గీతలు నల్లగా, నేసినట్టు ఉన్నాయి. జానకి వంగి చూసింది. ఎప్పుడు తిప్పాలో ఆ చప్పుడులో వినగలగడం ఏ జాలీ నేర్పేది కాదు. అది అత్తదే. చెయ్యి పోయినా విద్య పోలేదన్నమాట. 

గోవిందరావు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మంచి మనిషి, పెద్ద గొంతు. వస్తూనే డ్రమ్ము వైపు చూసి ఆగిపోయాడు.

"అదేటప్పా, నీ పలకేదీ? ముసలయ్యన్న పలక మీద కాలిన సేప గురించే గదా, నాను బిష్టుపూర్ వోళ్ళకి మాటివ్వకుండా ఇన్నాళ్ళు ఆగినాను."

 చెప్పడానికి సాకులు కావలసినన్ని ఉన్నాయి. పలక బరువని చెప్పొచ్చు, డిమ్నా దాకా మొయ్యలేమని చెప్పొచ్చు, జనం ఎక్కువ కాబట్టి కొత్త సామాను అనొచ్చు. ఏది చెప్పినా ఆయన నమ్ముతాడు. అత్త నోటి వెంట అలాంటిదేదో రావాలని జానకి మనసులో వేడుకుంది కూడా.

నూకాలమ్మ పిడి వదిలి కుడిచెయ్యి ముందుకు చాపింది. ఆయనకూ ఆయన భార్యకూ కనబడేలా, వెలుతురులో.

"పలక మంచిదే బాబూ. సెయ్యే మంచిది కాదిప్పుడు. సూడు, వణుకుతోంది. బారసాలలో సేపలిరిగింది అందుకే. ఒక్కోదాన్నీ తిప్పలేను. ఇదైతే అన్నిట్నీ ఒకపాలే తిప్పుతాది. ముందు సంగతి తెలుసుకో, తిన్న తరవాత నీ ఇట్టం."

గోవిందరావు భార్య తల దించుకుంది. బారసాలలో చెవులు కొరుక్కున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది. గోవిందరావు పీట మీద కూర్చుని దొన్నె అందుకున్నాడు. ఒక పరిగె తిన్నాడు. రొయ్య తిన్నాడు. గోళీ ఉల్లిపాయను నోట్లో వేసుకుని, లోపలి వేడి రసానికి కళ్ళు చెమర్చగా నవ్వాడు. మళ్ళీ పరిగె తీసుకున్నాడు. దొన్నె అడుగు కనబడేదాకా తింటూనే ఉన్నాడు.

"సెయ్యి సంగతి నాకెందుకప్పా," అన్నాడు చివరికి, ఆ పెద్ద గొంతు బాగా తగ్గించి. "డిమ్నాకి నువ్వే రావాల. పలక మీద పొగ కిందే ఉండిపోయేది. ఈ జాలీలోంచి సేపకి బాగా తగిలింది. ఇది ఇదివరకటి కంటే బాగుంది. నీ మొహం సూసి అన్నమాట కాదు."

రెండు బస్సుల జనం వస్తారు కాబట్టి ఇలాంటివి ఇంకో రెండు జాలీలు సిద్ధం చేసుకోమని ఆయన చెప్పాడు. ఆయన భార్య వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, నూకాలమ్మ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క క్షణం పట్టుకుంది. క్షమించమని నోటితో అడగలేదు. నూకాలమ్మ ఆ చేతిని వెనక్కి లాక్కోలేదు.

వాళ్ళు వెళ్ళాక జానకి సంతోషం పట్టలేక పెరడంతా రెండుసార్లు ఊడ్చింది. నూకాలమ్మ డ్రమ్ము దగ్గరే కూర్చుని జాలీ చల్లారాక ఒడిలో పెట్టుకుంది. పిడి మీద కర్ర తొడుగును వేళ్ళతో నిమురుతోంది.

"జానకీ. నా సెయ్యి వణుకుతాదని ఎవులికి సెప్పినావు?"

"ఎవులికీ సెప్పలేదత్తా. నాకే ఇయ్యాల తెలిసింది. నీ ఎదురుగానే గదా సూసినాను."

"నిజమే. మరి ఈ పిడి సూడు. ఇంత లావు పిడి జాలీకి ఎవులైనా పెడతారేటి? వణికే సెయ్యి సన్నకర్రని పట్టలేదు, లావుదాన్ని పడతాది. ఈ గాళ్ళు సూడు, బరువు సేతిమీద పడకుండా. ఇది సేపల కోసం సేసింది కాదే. నా సేతి కోసం సేసింది." ఆమె తలెత్తింది. "ఎవులు సేసినారు?"

జానకి చీపురు కింద పెట్టింది. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వచ్చినప్పుడు చెప్పడానికి నాలుగు అబద్ధాలు కూడా సిద్ధం చేసుకుంది. వెలుతురులోకి చెయ్యి చాపిన మనిషి ముందు వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"బావగారు," అంది. "గమ్హరియాలో."

తర్వాత ఉన్నదంతా చెప్పింది. అప్పన్న గమ్హరియాలో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే చిన్న షెడ్డు పెట్టుకున్నాడని లోకోషెడ్డు వాళ్ళ ఆడవాళ్ళ ద్వారా తెలిసింది. మొగుడికి కూడా చెప్పకుండా వెళ్ళింది. చిన్న చేపలు కాల్చుకోవడానికి జాలీ కావాలని అడిగిందే తప్ప చెయ్యి గురించి అనలేదు, తెలిస్తే కదా. అతను అన్నీ తల వంచుకుని విన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. అమ్మకు నా పేరు చెప్పొద్దన్నాడు.

నూకాలమ్మ వింటున్నంతసేపూ జాలీని ఒడిలోంచి తీయలేదు. కోపం వస్తుందేమోనని జానకి ఎదురుచూసింది. జాలీని ఎత్తి విసిరేస్తుందేమో అని కూడా అనిపించింది. ఈ ఇంటివాళ్ళు సామాను విసిరెయ్యడం ఇదివరకు జరిగిందే. నూకాలమ్మ లేచింది. ముసలయ్య పలకను ఇసకతో తోమి, కడిగి, తుడిచి, కొంగుతో మళ్ళీ తుడిచి, వంటింటి గోడకు ఆనించింది. దాని ముందు కాసేపు నిలబడింది. ఈ మనిషి ఒకే సాయంత్రం మొగుడి సామానును పక్కన పెట్టి, తన లోపాన్ని పరాయివాళ్ళకు చూపించి, ఇప్పుడు కొడుకు పేరు విని కూడా నిలబడగలిగింది. జానకికి ఆమె ముందు చేతులు జోడించాలనిపించింది.

"పొద్దున్నే గమ్హరియా ఎల్దాం," అంది నూకాలమ్మ. "ఇంకో రెండు గావాలన్నాడు గదా గోవిందరావు."

మర్నాడు మంచు విడకముందే బస్సెక్కారు.  ఏటి వంతెన దాటి, ఆదిత్యపూర్ దాటి, ఫ్యాక్టరీ గొట్టాల మధ్య గమ్హరియాలో దిగేసరికి ఎండ వచ్చింది. జానకి ముందు, ఆమె వెనక. రేకుల షెడ్డు ముందు రంగు వెయ్యని గేట్లు గోడకు ఆనించి ఉన్నాయి. లోపల ఎవరో నేల మీద కూర్చుని వెల్డింగు చేస్తున్నారు. ముఖానికి అడ్డంగా నల్ల అద్దం రేకు. నీలం వెలుతురు ఆగి ఆగి వెలుగుతోంది.

అప్పన్న ఆకురాయి చేతిలో పట్టుకుని బయటికి వచ్చి, తల్లిని చూసి నిలువునా ఆగిపోయాడు. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నమస్కారం పెట్టాలా, కాళ్ళకు మొక్కాలా, పారిపోవాలా తెలియనట్టు నిలబడ్డాడు.

నూకాలమ్మ కొట్టుకు వచ్చిన బేరం మనిషిలాగే మాట్లాడింది. జాలీ బాగుందని చెప్పింది. చేపలు విరగలేదని చెప్పింది. తీగల ఎడం సరిగ్గా కుదిరిందని, పిడి మాత్రం జానెడు పొడుగు పెంచితే సెగ చేతికి తగలదని చెప్పింది. మెచ్చుకోలులో ఎక్కడా పొల్లు లేదు, పాత సంగతి ఎక్కడా లేదు. చివరగా, ఇలాంటివి రెండు కావాలంది.

అప్పన్న ఆకురాయిని గేటు మీద పెట్టాడు.

"నువ్వు మెచ్చుకోవలసింది నన్ను కాదమ్మా. అది నేన్సెయ్యలేదు."

జానకి తెల్లబోయి బావ వంక చూసింది. తన చేతికి ఇచ్చింది ఇతనే కదా.

లోపల నీలం వెలుతురు ఆరిపోయింది. కూర్చున్న మనిషి నల్ల అద్దం రేకును కింద పెట్టి లేచింది. ఆడమనిషి. నేతచీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ముప్పై ఏళ్ళుండవు. ఎండలోకి వచ్చి నిలబడగానే నూకాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ముఖం ఆమెకు తెలుసు. ఎన్నో సాయంత్రాలు జుగ్సలాయి బండి దగ్గర అందరూ వెళ్ళేదాకా ఆగి, హిందీలో అడిగి, దొన్నెడు పరిగెలు తీసుకుని, ఆమె చేతుల వంకే చూస్తూ తిన్న పిల్ల.

"నువ్వా? నువ్వు హిందీదానివి గదే."

"కాదత్తా. నా పేరు చిన్నమ్మి. మాది బిర్సానగర్. మీ భాషే మాది."

అత్తా అన్న ఆ పిలుపు విని నూకాలమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. అప్పన్న ఏదో చెప్పబోయాడు. చిన్నమ్మి చెయ్యెత్తి అతన్ని ఆపింది. షెడ్డు మూలనున్న చెక్కపీటను తెచ్చి, తువ్వాలుతో తుడిచి, నూకాలమ్మ ముందు వేసింది.

"నేను సెప్తాను. ఆయన సెప్పలేడు," అంది. "నువ్వు ముందు కూకో అత్తా. నిలబడి వినే సంగతి కాదిది."